చేయెత్తితే ఒక లెక్క, చీటీ వేస్తే ఇంకో లెక్క

అమెరికా ఎన్నికల వార్తల్లో రెండు మాటలు పదేపదే వినిపిస్తాయి: కాకస్, ప్రైమరీ. పార్టీ తరఫున ప్రెసిడెంట్ అభ్యర్థి ఎవరో తేల్చే పద్ధతులు ఇవి. "రెండూ ఒకటేలే" అనుకుంటాం గానీ, అదే జనం, అవే అభిప్రాయాలు ఉన్నా పద్ధతి మారితే గెలిచేవాళ్లు మారిపోవచ్చు.

మా కనగానపల్లి మండలంలో, ఆ మాటకొస్తే రాష్ట్రంలోని ఏ మండలంలోనైనా, ఈ రెండింటికీ దగ్గరి చుట్టాలు ఉన్నాయి. సర్పంచ్‌ని బ్యాలెట్ పేపర్ మీద ముద్ర వేసి ఎన్నుకుంటాం. ఎవరికి వేశామో ఇంకొకరికి తెలీదు. ఎంపీటీసీ ఎన్నిక కూడా అంతే. కానీ గెలిచిన ఎంపీటీసీలు ఎంపీపీని ఎన్నుకునేటప్పుడు మాత్రం అందరి ముందూ చేయెత్తాలి. 2021 సెప్టెంబర్ 24న ఎంపీపీలు అలాగే ఎన్నికయ్యారు. 1987లో మండలాధ్యక్షుణ్ణి జనమే నేరుగా ఎన్నుకున్నారు. 1994 పంచాయతీరాజ్ చట్టం వచ్చాక అది చేతుల లెక్కగా మారింది.

ప్రైమరీ మన సర్పంచ్ ఎన్నిక లాంటిది. ప్రభుత్వమే పోలింగ్ పెడుతుంది. వెళ్తాం, రహస్యంగా ఓటేస్తాం, వచ్చేస్తాం. ఐదు నిమిషాల పని.

కాకస్ అంటే పార్టీ పెట్టే మీటింగ్. అన్ని కాకస్‌లూ ఒకేలా ఉండవు. అయోవా రాష్ట్రంలో రిపబ్లికన్లు మీటింగ్‌లోనే చీటీ మీద పేరు రాసి వేస్తారు. డెమొక్రాట్లు మాత్రం 2020 దాకా మనుషుల్నే లెక్కపెట్టారు. సాయంత్రం ఏ స్కూల్‌లోనో చేరి, ఒక్కో అభ్యర్థి మద్దతుదారులు ఒక్కో మూలన నిలబడేవాళ్లు. చాలాచోట్ల రూల్ ఇది: హాజరైనవాళ్లలో 15 శాతం లేని గ్రూపు నిలవదు. అందులోవాళ్లు వేరే గ్రూపులోకి వెళ్లొచ్చు, లేదా ఇంటికెళ్లొచ్చు.

మన క్లాస్‌లో సీఆర్ ఎన్నిక అనుకోండి. 60 మంది, నలుగురు అభ్యర్థులు: ఏ 22, బీ 18, సీ 13, డీ 7. చీటీలైతే ఏ గెలిచినట్టే. కాకస్ అయితే 60లో 15 శాతం అంటే 9 మంది కావాలి, డీ గ్రూపు నిలవదు. ఆ ఏడుగురూ బీ దగ్గరికి వెళ్తే బీ 25. గెలుపు బీది! ఎవరి మనసూ మారలేదు. రెండో ఇష్టం కూడా లెక్కలోకి వచ్చింది, అంతే.

ఇంకో మెలిక ఉంది. ఏ మీటింగ్‌కి ఎంతమంది డెలిగేట్లో, అక్కడ పాత ఎన్నికల్లో పార్టీకి పడిన ఓట్లను బట్టి ముందే ఫిక్స్ చేస్తారు. సెక్షన్‌కి ఐదుగురు డెలిగేట్లు అంటే, ఒక సెక్షన్‌లో 60 మంది వచ్చినా ఇంకోదాంట్లో 20 మందే వచ్చినా ఐదుగురే. రెండో చోట ఒక్కో మనిషి బరువు మూడు రెట్లు.

2020 ఫిబ్రవరి 3న అయోవాలో ఈ మెలికలన్నీ ఒకేసారి బయటపడ్డాయి. మొదటి లెక్కలోనూ, గ్రూపులు మారాక తీసిన లెక్కలోనూ బెర్నీ శాండర్స్ ముందున్నారు. డెలిగేట్ల లెక్కలో మాత్రం పీట్ బుటిజెజ్ వెంట్రుకవాసిలో ముందున్నారు. పైగా ఫలితాలు పంపడానికి చేయించిన యాప్ ఆ రాత్రే మొరాయించింది. మన బ్రాంచ్ వాళ్లం గుర్తుపెట్టుకోవాల్సిన కథే! కానీ యాప్ బాగా పనిచేసినా ఆ మూడు లెక్కలూ ఉండేవి. తేడా కోడ్‌లో కాదు, ప్రశ్నలో ఉంది.

ప్రైమరీలోనూ లోపం లేకపోలేదు. ఎనిమిది రోజుల తర్వాత న్యూ హాంప్‌షైర్ ప్రైమరీలో ఎలిజబెత్ వారెన్‌కి సుమారు 9 శాతం, జో బైడెన్‌కి 8 శాతం వచ్చాయి. అక్కడా గీత 15 శాతమే. ఇద్దరికీ డెలిగేట్లు సున్నా. అంతమంది రెండో ఇష్టం ఏంటో అడిగినవాళ్లే లేరు.

మరి కాకసే మేలా? నాకు అలా అనిపించదు. ఎంపీటీసీ చేయెత్తడంలో ఒక న్యాయం ఉంది: మనం ఇచ్చిన ఓటుని ఏం చేశాడో మనకి కనపడాలి. అయితే అదే చెయ్యి పార్టీకీ కనపడుతుంది, విప్ దాటితే పదవే పోతుంది. పదవిలో ఉన్నవాడికే అంత ఒత్తిడి ఉంటే, రేపు పొద్దున్నే ఒకరి చేలో కూలికి వెళ్లాల్సిన మనిషి ఆ యజమాని ఎదుట వేరే మూలన నిలబడగలదా? ప్రతినిధి ఓటు కనపడాలి, ఓటరు ఓటు దాగాలి. అయోవాలో ఓటరునే అందరి ముందూ నిలబెట్టారు. రాత్రి షిఫ్ట్ ఉన్నవాళ్లు, చంటిపిల్లల తల్లులు ఆ మీటింగ్‌కి రావడమే కష్టం.

రహస్యం పోకుండా రెండో ఇష్టాన్ని కూడా లెక్కపెట్టే దారి ఉంది: చీటీ మీదే 1, 2, 3 అని రాయడం. 2016లో కాకస్ పెట్టిన అలాస్కా, హవాయి, కాన్సస్, వ్యోమింగ్ డెమొక్రాట్లు 2020లో ఇలాగే చేశారు. మనకీ ఇది కొత్త కాదు, పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికలో ఓటు ఇలాగే వేస్తారు. డిగ్రీ అయిన మూడేళ్లకి మనకీ ఆ ఓటు వస్తుంది.

అందాకా ఆగక్కర్లేదు. వచ్చే సీఆర్ ఎన్నికలో "చేతులెత్తండి" అనే బదులు తలా ఒక చీటీ ఇచ్చి 1, 2, 3 రాయమందాం. లెక్కపెట్టే ప్రోగ్రాం ఇరవై లైన్లు కూడా కాదు, నేను రాస్తా.