సంస్థకు రావలసిన మెయిళ్లు తిరిగిపోతున్నాయా? కారణం ఆ తిరుగుటపాలోనే ఉంటుంది

కొటేషన్ పంపించామని సరఫరాదారు ఫోనులో చెబుతారు. రాలేదని కొనుగోలు విభాగం బదులిస్తుంది. ఇద్దరి మాటా నిజమే కావచ్చు. సంస్థ మెయిల్ సర్వర్ ఆ లేఖను గుమ్మంలోనే నిరాకరించి ఉంటే, ఆ సంగతి పంపినవారికి తెలుస్తుంది కానీ అందుకోవలసినవారికి తెలియదు. వచ్చే మెయిళ్లు తిరిగిపోయే సమస్యలో అసలు చిక్కు ఇదే. నష్టపోయేది ఒకరు, ఆధారం ఉండేది మరొకరి ఇన్‌బాక్సులో. ఎవరైనా ఫోను చేసి అడిగేవరకు రోజుల తరబడి ఈ లోపం బయటపడకపోవచ్చు.

దీనికి చట్టపరమైన కోణం కూడా ఉంది. సమాచార సాంకేతిక చట్టం, 2000లోని 13వ సెక్షన్ ‘పంపడం’, ‘అందడం’ అనే రెండింటినీ వేరువేరుగా నిర్వచించింది. ఎలక్ట్రానిక్ రికార్డు పంపినవారి అదుపులో లేని కంప్యూటర్ వ్యవస్థలోకి ప్రవేశించగానే పంపినట్లు లెక్క. స్వీకర్త ఫలానా వ్యవస్థకే పంపాలని నిర్దేశించి ఉంటే, అందులోకి ప్రవేశించినప్పుడే అందినట్లు లెక్క. ఇరుపక్షాలు వేరే విధంగా ఒప్పుకుని ఉంటే ఆ ఒప్పందమే చెల్లుతుంది. సర్వర్ నిరాకరించిన లేఖ లోపలికి ప్రవేశించిందని వాదించడం కష్టమే. టెండర్ల గడువు తేదీనాడు ఈ తేడా విలువ ఎంతో చెప్పనక్కరలేదు.

కాబట్టి మొదట చేయవలసిన పని సర్వర్ సెట్టింగులను మార్చడం కాదు, తిరిగివచ్చిన సందేశం పూర్తి పాఠాన్ని పంపినవారి నుంచి తెప్పించుకోవడం. మొదటి రెండు పంక్తుల ఫొటో సరిపోదు. దానిని మళ్లీ అదే సంస్థ చిరునామాకు పంపమని కోరితే అదీ తిరిగిపోతుంది కనుక, వేరే సేవలో ఉన్న మరో చిరునామా ఇవ్వాలి. చిన్న విషయమే అయినా, చాలా చోట్ల ఒక రోజంతా దీనికే ఖర్చవుతుంది.

ఆ పాఠంలో వెతకవలసింది మూడంకెల సంఖ్య. మెయిల్ సర్వర్లు పరస్పరం మాట్లాడుకునే ఎస్ఎంటీపీ ప్రమాణం 1982లో వెలువడింది. దాని ప్రకారం 4తో మొదలయ్యే సంఖ్యకు ‘ఇప్పుడు కుదరదు, మళ్లీ ప్రయత్నించండి’ అని అర్థం. 5తో మొదలైతే ‘ఇక ప్రయత్నించవద్దు’ అని. సంఖ్య పక్కనుండే వాక్యాన్ని ఏ సాఫ్ట్‌వేర్‌కు ఆ సాఫ్ట్‌వేర్ తన మాటల్లో రాసుకుంటుంది. ఒకటి ‘అలాంటి వినియోగదారు లేరు’ అంటే, మరొకటి ‘గ్రహీత తిరస్కృతుడు’ అంటుంది. మాటలు మాండలికాల్లా మారుతుంటాయి, అంకెలు మాత్రం మారవు. వాటి వెంట చుక్కలతో విడదీసిన మరో సంకేతం కనిపిస్తే ఇంకా మేలు. 5.1.1 అంటే చిరునామా లేదని, 5.2.2 అంటే మెయిల్‌బాక్స్ నిండిపోయిందని, 5.7.1 అంటే ఏదో ఒక విధానం లేదా నియమం కారణంగా నిరాకరించారని అర్థం.

సమయం కూడా ఒక సాక్ష్యమే. పంపిన క్షణాల్లో తిరిగివస్తే ఎవరో స్పష్టంగా ‘వద్దు’ అన్నారన్నమాట. రోజుల తర్వాత తిరిగివస్తే, అంతవరకు పంపిన సర్వర్ తలుపు తడుతూనే ఉందని తెలుస్తుంది. కనీసం నాలుగైదు రోజులు ప్రయత్నించాలన్నది ప్రమాణంలోని సూచన. అయితే కొన్ని సేవలు అంతకంటే ముందే విరమించుకుంటాయి. సర్వర్ ఆగిపోవడం, ఫైర్‌వాల్ అడ్డుకోవడం, డిస్క్ నిండిపోవడం ఈ కోవకు చెందుతాయి. విస్తృతంగా వాడుకలో ఉన్న పోస్ట్‌ఫిక్స్, డిస్కులో చోటు లేనప్పుడు 452 అంకెతో తాత్కాలిక నిరాకరణ చెబుతుంది. లాగ్ ఫైళ్లు పేరుకుపోయి మెయిల్ ఆగిపోవడం వింతేమీ కాదు.

తరువాతి ప్రశ్న: ఆ లేఖ అసలు మన సర్వర్ దాకా వచ్చిందా? తిరిగివచ్చిన సమయాన్ని, పంపినవారి చిరునామాను పట్టుకుని సర్వర్ లాగ్‌లో వెతికితే తేలుతుంది. ఆ సమయానికి ఎలాంటి జాడా లేకపోతే దోషం బయట ఉంది. డొమైన్ పేరు నమోదు గడువు తీరిందా, మెయిల్ ఏ సర్వర్‌కు వెళ్లాలో చెప్పే ఎంఎక్స్ రికార్డు సరిగా ఉందా అన్నది చూడాలి. గడువు తీరితే వెబ్‌సైటూ మెయిలూ కలిసే ఆగిపోతాయి కనుక అది త్వరగా పట్టుబడుతుంది. తనిఖీకి ఇంటి బ్రాడ్‌బ్యాండ్ నుంచి 25వ పోర్టును ప్రయత్నించి, సర్వర్ పనిచేయడం లేదని నిర్ణయానికి రాకూడదు. స్పామ్‌ను అరికట్టేందుకు ఇంటర్నెట్ సంస్థలు చాలావరకు ఆ దారిని మూసే ఉంచుతాయి.

కొందరి మెయిళ్లే ఎందుకు తిరిగిపోతాయి?

అందరి మెయిళ్లూ ఆగిపోతే వెతకడం తేలిక. కొందరివి మాత్రమే తిరిగిపోతున్నప్పుడే అసలు పరీక్ష. సంస్థ తన మెయిల్‌ను వెబ్ హోస్టింగ్ నుంచి వేరే సేవకు మార్చిందనుకుందాం. ఎంఎక్స్ రికార్డు మారింది, లోకమంతా కొత్త సర్వర్‌కే పంపుతోంది. కానీ పాత హోస్టింగ్ సర్వర్ మాత్రం ఆ డొమైన్ ఇంకా తనదేనని నమ్ముతూ ఉంటుంది. అందువల్ల సంస్థ వెబ్‌సైటులోని విచారణ ఫారం నుంచి వెళ్లే సందేశాలు, అదే హోస్టింగ్‌లో ఉన్న ఇతర ఖాతాదారుల మెయిళ్లు బయటకు వెళ్లకుండా అక్కడే ‘ఇక్కడ అలాంటివారు లేరు’ అన్న సమాధానంతో తిరిగిపోతాయి. కొత్త సర్వర్ లాగ్‌లో ఎంత వెతికినా ఏమీ దొరకదు. పాత హోస్టింగ్ నియంత్రణ ప్యానెల్‌లో మెయిల్ మార్గాన్ని ‘స్థానికం’ నుంచి ‘బయటి సర్వర్’కు మార్చడమే పరిష్కారం.

కొన్ని మెయిళ్లు మాత్రమే ఆగడానికి మరో కారణం పరిమాణం. పోస్ట్‌ఫిక్స్ సహజ పరిమితి దాదాపు 10 ఎంబీ. పైగా, జతచేసిన ఫైలును మెయిల్‌లో పంపేందుకు అక్షరాలుగా మార్చినప్పుడు అది సుమారు మూడో వంతు పెరుగుతుంది. 8 ఎంబీ డ్రాయింగ్ పంపిన గుత్తేదారుకు తన ఫైలు ఎందుకు పెద్దదైందో అర్థం కాదు.

నిషేధ జాబితా తలకిందులైతే

స్పామ్ పంపే ఐపీ చిరునామాల జాబితాలను సర్వర్లు ప్రతి మెయిల్‌కూ సంప్రదిస్తుంటాయి. ఎన్నడో ఎవరో సెట్టింగుల్లో రాసిపెట్టిన ఆ జాబితాలే కొన్నిసార్లు పెను చిక్కు తెచ్చిపెడతాయి. ఓఆర్‌డీబీ అనే జాబితా 2006 డిసెంబరులో మూతపడింది. అయినా అనేక సర్వర్లు దానిని అడుగుతూనే ఉన్నాయి. 2008 మార్చిలో అది ఏ చిరునామా గురించి అడిగినా ‘జాబితాలో ఉంది’ అని జవాబివ్వడం మొదలుపెట్టింది. ఇంకా దానిని నమ్ముకున్న సర్వర్లు న్యాయమైన మెయిళ్లన్నిటినీ వెనక్కి పంపేశాయి. ఏడాదికి పైగా ముందే మూతపడిన జాబితాను సెట్టింగుల నుంచి తొలగించకపోవడమే ఇందుకు కారణం.

అది పాత కథ కాదు. విస్తృతంగా వాడే స్పామ్‌హౌస్ ఉచిత సేవ, గూగుల్, క్లౌడ్‌ఫ్లేర్ వంటి బహిరంగ డీఎన్ఎస్ సేవల మీదుగా వచ్చే ప్రశ్నలకు జాబితా సమాచారం ఇవ్వదు. బదులుగా 127.255.255.254 అనే దోష సంకేతం పంపుతుంది. ‘మీ ప్రశ్న సరైన దారిలో రాలేదు’ అని దాని భావం. సంకేతాల మధ్య తేడా చూడకుండా, జవాబంటూ వస్తే చాలు నిషేధమేనని భావించేలా అమర్చిన సర్వర్ అందరినీ గెంటివేస్తుంది. సర్వర్ డీఎన్ఎస్‌ను ఎవరో 8.8.8.8కు మార్చిన రోజే మెయిళ్లు ఆగిపోయాయంటే మొదట ఇక్కడే చూడాలి. సంస్థ సొంత డీఎన్ఎస్ రిజాల్వర్‌ను ఏర్పాటు చేసుకుంటే సమస్య తీరుతుంది.

భారతీయ భాషల వారికి ప్రత్యేకంగా సంబంధించిన కారణం ఇంకొకటి. తెలుగు లిపిలో .భారత్ డొమైన్‌తో ఈమెయిల్ చిరునామా పెట్టుకునే వీలుంది. అందుకు అవసరమైన ఎస్ఎంటీపీయూటీఎఫ్8 ప్రమాణం 2012లోనే వచ్చింది. అయితే స్వీకరించే సర్వర్ దానిని అమలు చేయకపోతే తెలుగు చిరునామా నుంచి వచ్చిన లేఖ తిరిగిపోతుంది. పంపినవారి తప్పు ఇందులో ఏమీ లేదు. పోస్ట్‌ఫిక్స్, జీమెయిల్ ఇప్పటికే ఈ ప్రమాణాన్ని అంగీకరిస్తున్నాయి కనుక, సాంకేతికంగా సాధ్యం కాదన్న సాకు నిలవదు.

లోపాన్ని సరిదిద్దాక ఒక పని మిగిలే ఉంటుంది. 5తో మొదలయ్యే అంకెతో తిరిగిపోయిన మెయిళ్లు వాటంతట అవి మళ్లీ రావు. సర్వర్ దాకా వచ్చి నిరాకరణకు గురైన ప్రతి లేఖకూ పంపినవారి చిరునామా, సమయం సాధారణంగా లాగ్‌లో నమోదై ఉంటాయి. పాత లాగ్‌లు తొలగిపోకముందే ఆ జాబితాను తీసి, స్పామ్‌ను పక్కనపెట్టి, మిగిలినవారిని మళ్లీ పంపమని కోరాలి. టెండరు గడువు వంటివి మధ్యలో ఉంటే, ఆ లాగ్ పంక్తులనే భద్రపరిచి సంబంధిత విభాగానికి అందజేయాలి.