గోడకు ఊపిరి

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి పట్టణములలో క్రొత్తయిల్లు కట్టుకొనువారును, పాతయింటికి మెఱుగు దిద్దుకొనువారును రంగుల దుకాణమునకు పోయి నేడు మొదట అడుగుచున్నది రంగును గూర్చి కాదు, ‘టెక్స్చర్’ను గూర్చి. ఇసుకరేణువులు తేలిన పూత, రోలరుతో చుక్కలుగా ఎత్తిన పూత, పట్టుమెఱుపు గల పూత, ఏది కావలెనన్న అది దొరకుచున్నది. ఈ అభిరుచి నిందింపదగినది కాదు. గోడ కంటికేగాక చేతికిని ఇంపుగా నుండవలెనన్న కోరిక మనవారికి ఎప్పటినుండియో ఉన్నదే. కాని, ఆ గోడ దేనితో కట్టినదో, చెమ్మను ఎట్లు పుచ్చుకొని ఎట్లు విడుచునో విచారింపక పైపొరను మాత్రమే మార్చినచో ధనము వ్యర్థమగుటయేగాక గోడయు చెడునని నేను గట్టిగా నమ్ముచున్నాను.

మహబూబాబాద్ జిల్లాలోని కొత్తగూడ, గంగారం మండలముల గూడెములలో నిలువుకర్రలు పాతి, తడికలల్లి, మన్ను మెత్తిన గోడలు నేటికిని కానవచ్చును. ఎర్రమన్ను జల్లించి, పేడయు వరిపొట్టును కలిపి నానవేసి, ఇల్లాలు గోడమొదట కూర్చుండి అలుకుచు పోవునపుడు, చేయి త్రిప్పిన ప్రతిపర్యాయమును అర్ధచంద్రాకారమైన వ్రేళ్లజాడ యొకటి పడును. దానిని సగము కప్పుచు మఱియొకటి పడును. ఇట్లు వరుసవెంట వరుస నిండిన ఆ గరుకుమీద వాకిటి వెలుతురు ఏటవాలుగా ప్రసరించినపుడు కలుగు శోభ ఏ డబ్బాలోనిది తెచ్చి పూసినను రాదు. అడుగున జాజుపట్టె, దానిమీద ముగ్గు. వానకు కరగిన చోటును పండుగకు ముందు మరల అలికికొందురు. గోడకు జబ్బుచేసిన వైద్యము ఆ యింటి చేతులలోనే యున్నది.

కలిగినవారి మిద్దెలకును గడీలకును డంగుసున్నము వాడుచుండిరి. సున్నపురాతిని బట్టీలో సుమారు 900 డిగ్రీల వేడిమిలో కాల్చి, నీట చల్లార్చి, ఇసుక చేర్చి ఎద్దుల గానుగలో మెత్తగా నూరి, కరక్కాయ నానిన నీటిని, బెల్లపునీటిని కలిపి పూసిన ఆ పూత గాలిలోని బొగ్గుపులుసు వాయువును మెల్లమెల్లగా పీల్చుకొనుచు ఏండ్ల తరబడి తిరిగి రాయిగా మారుచుండును. మట్టికిని సున్నమునకును గల ఉమ్మడిగుణ మొక్కటే: లోపలి చెమ్మను ఆవిరిగా బయటికి పోనిచ్చుట.

2019 ఫిబ్రవరి వరకు భూపాలపల్లి జిల్లాలోను, ఇప్పుడు ములుగు జిల్లాలోను ఉన్న పాలంపేట రామప్పగుడిని ఈ సందర్భమున స్మరింపక తప్పదు. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన ఆ గుడి 2021లో ప్రపంచవారసత్వ పట్టికకెక్కినది. ఎఱ్ఱని ఇసుకరాతి గోడలను ఆ శిల్పులు వాటి సహజమైన రవ్వతోనే ఉంచిరి. నల్లరాతి స్తంభములకు, మదనికలకు మాత్రము మెఱయునంతటి నునుపు తెచ్చిరి. ఏ రాయి ఏ స్పర్శకు ఒప్పునో ఎఱిగి, దానికి తగినదే దానికిచ్చిరి. ఇంటిగోడ విషయమున మనము మఱచుచున్నది ఈ వివేకమునే.

పాత మట్టిగోడమీద సిమెంటు పూయించుట నేడు సర్వసాధారణమైనది. మట్టి చెమ్మకు ఉబ్బును, ఎండకు కుంచించుకొనును. సిమెంటు దానితో కదలదు. నడుమ చిక్కిన తేమ దారి కానక నేలనుండి పైకెగబ్రాకి, తెల్లని ఉప్పుగా పొంగి, రెండు మూడు వర్షకాలములలో పెచ్చులుపెచ్చులుగా పూతను రాల్చును. అట్టిదానిమీద నూనెరంగు పూయుట రోగమును మూసిపెట్టుటయే.

ఇటుకగోడల ఇండ్లవారు నిశ్చింతగా క్రొత్త పూత వేయించుకొనవచ్చును, కాని క్రమము తప్పరాదు. “గోడ తాగినన్ని నీళ్లు తాపాలె సారూ, ఆరినన్ని దినాలు ఆగాలె” అని మేస్త్రీలు చెప్పుమాట అక్షరాల నిజము. సిమెంటుపూతను వారము పది దినములు తడిపి, పిదప కొన్ని వారములు ఆరనీయవలెను. చేరెడు ప్లాస్టిక్ కాగితమును గోడకు నాలుగంచుల అంటించి రాత్రి ఉంచి చూడుడు. ఉదయమున దాని లోపలివైపు చెమర్చినచో లప్పము పెట్టుటకు ఇంకను కాలము రాలేదన్నమాట. పాతరంగును పొడిగా గీకరాదు. ఇండ్ల రంగులలో సీసము 90 పి.పి.ఎం. మించరాదన్న నిబంధన 2017 నవంబరులో గాని అమలునకు రాలేదు. కావున అంతకు పూర్వపు రంగును నీటితో తడిపి, మూతికి గుడ్డ గాక మంచి మాస్కు కట్టుకొని, పిల్లలను గర్భిణీ స్త్రీలను దూరముగా నుంచి గీకింపవలెను.

జనగామకు చేరువనున్న చేర్యాలలో నకాశీ చిత్రకారులు ఖద్దరు గుడ్డకు సుద్దమట్టి, చింతగింజల అంబలి, జిగురు కలిపి పూతమీద పూత పెట్టి, ఆరినపిదపనే కుంచె పట్టుదురు. బొమ్మకంటె ముందు నేల సిద్ధము కావలెనని వారికి తెలియును.

మీది మట్టిగోడయైనచో దానికి సిమెంటు తొడుగవలదని వేడుచున్నాను. మట్టినో సున్నమునో పూయించుడు. సున్నపుపని ఎఱిగిన ముదుసలి మేస్త్రీ మీ యూర ఇంకను ఉన్నచో, ఈ దసరాకు ఒక్క గదియైనను ఆయనచేత వేయించి, ఆ పని నేర్చుకొనుటకు పడుచువాడొకనిని ప్రక్కన కూలికి నిలుపుడు.