నెల్లూరులో సీటు.. ఐఐటీ నుంచి బాటనీ పాఠం! మార్కులు మాత్రం మీ మెమోలోనే.. వర్సిటీల మధ్య ఈ ఆన్‌లైన్ కోర్సుల లెక్కేంటి?

బీఎస్సీ బాటనీలో చేరారు. రెండేళ్లు గడిచాయి. ప్లాంట్ బయోటెక్నాలజీ ఎలక్టివ్ తీసుకుందామంటే కాలేజీలో ఆ సబ్జెక్ట్ చెప్పే లెక్చరర్ లేరు. ఒకప్పుడైతే కథ అక్కడితో క్లోజ్. ఉన్న పేపర్ రాసి బయటపడటమే. ఇప్పుడు ఇంకో దారి ఉంది. వేరే యూనివర్సిటీ పాఠం ఫోన్‌లో విని, పరీక్ష రాసి, ఆ క్రెడిట్లు సొంత కాలేజీ మెమోలో వేయించుకోవచ్చు. ఇదేదో ప్రైవేట్ యాప్ ఆఫర్ కాదు.. యూజీసీ రూల్.

కావలి నుంచి తడ దాకా ఉన్న తీరంలో డిగ్రీ చదివేవాళ్లకి ఈ రూల్ పనికొస్తుంది. కానీ మొక్కల సబ్జెక్టుల్లో ఒక చిక్కుంది. పాఠం ఎక్కడి నుంచైనా వస్తుంది, మొక్క రాదు. ఆ చిక్కు దగ్గరికి వెళ్లే ముందు అసలు ఈ సిస్టమ్ ఎలా నడుస్తుందో చూద్దాం.

ఇది ఈ మధ్య పుట్టిన ఆలోచన కాదు

ఒక చోట చెప్పిన పాఠాన్ని వంద కాలేజీలకి పంపాలన్న ఐడియా పాతదే. 1984లోనే దూరదర్శన్‌లో యూజీసీ క్లాసులు మొదలయ్యాయి. ఆ తర్వాత పెద్ద అడుగు పడింది మన తీరం నుంచే. 2004 సెప్టెంబర్ 20న శ్రీహరికోట నుంచి జీఎస్ఎల్వీ-ఎఫ్01 రాకెట్ ఎడ్యుశాట్‌ని మోసుకెళ్లింది. కేవలం చదువు కోసమే ఇస్రో తయారు చేసిన ఉపగ్రహం అది. బరువు దాదాపు 1950 కిలోలు. అప్పట్లో శ్రీహరికోట నెల్లూరు జిల్లాలోనే ఉండేది. 2022లో కొత్త జిల్లాలు వచ్చాక తిరుపతి జిల్లాలోకి వెళ్లింది.

అయితే టీవీలో, శాటిలైట్‌లో వచ్చిన పాఠాలకి ఒక లోటుండేది. విన్నంత మాత్రాన మార్కులు రావు. డిగ్రీ మెమోకి, ఆ పాఠానికి సంబంధం ఉండదు. అందుకే స్టూడెంట్స్ పెద్దగా పట్టించుకోలేదంటే ఆశ్చర్యం ఏముంది?

ఆ లింక్ కుదిరింది స్వయం వచ్చాక. 2017 జులై 9న అప్పటి రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీ ఈ ప్లాట్‌ఫామ్‌ని ప్రారంభించారు. అంతకు ఏడాది ముందే, 2016లో యూజీసీ రూల్స్ రెడీ చేసి పెట్టింది. ఒక సెమిస్టర్‌లో మొత్తం కోర్సుల్లో 20 శాతం వరకు స్వయంలో చేయొచ్చని అప్పట్లో చెప్పింది. కరోనా తర్వాత, 2021లో ఆ లిమిట్‌ని 40 శాతానికి పెంచింది.

అంటే ఐదు కోర్సులుంటే రెండు బయటి యూనివర్సిటీవి కావచ్చు. చిన్న విషయం కాదు.

పాఠం ఒకరిది.. డిగ్రీ ఇంకొకరిది

యూజీసీ భాషలో రెండు పేర్లు వినిపిస్తాయి. కోర్సు తయారు చేసి చెప్పేది హోస్ట్ ఇన్‌స్టిట్యూషన్. మీరు అడ్మిషన్ తీసుకున్నది పేరెంట్ ఇన్‌స్టిట్యూషన్. పెళ్లి మాటల్లో చెప్పాలంటే పుట్టిల్లు మారదు, విందు మాత్రం పక్కింట్లో!

నెల్లూరు వైపు చాలా డిగ్రీ కాలేజీలకి విక్రమ సింహపురి యూనివర్సిటీ అఫిలియేషన్ ఉంటుంది. కాకుటూరులో క్యాంపస్ ఉన్న ఈ వర్సిటీ 2008లో వచ్చింది. అంతకుముందు ఇక్కడి కాలేజీలు తిరుపతి ఎస్వీ యూనివర్సిటీ కింద ఉండేవి. ఇక స్వయంలో పాఠాలు పెట్టేది ఎవరంటే.. డిగ్రీ స్థాయి కోర్సులు సీఈసీ చూసుకుంటుంది. పీజీ కోర్సులు యూజీసీ తరఫున వస్తాయి. ఇంజినీరింగ్, సైన్స్ కోర్సుల్లో పెద్ద చేయి ఎన్‌పీటీఈఎల్‌ది. ఏడు ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్‌సీ కలిసి 2003లో మొదలుపెట్టిన ప్రాజెక్ట్ అది.

పాఠాలు వినడానికి పైసా కట్టక్కర్లేదు. సర్టిఫికెట్ కావాలంటేనే పరీక్ష ఫీజు. ఎన్‌పీటీఈఎల్ కొన్నేళ్లుగా కోర్సుకి రూ.1000 తీసుకుంటోంది. పరీక్ష ఇంట్లో కూర్చుని రాసేది కాదు, సెంటర్‌కి వెళ్లాల్సిందే. మార్కుల లెక్క ఇలా ఉంటుంది: వారం వారం ఇచ్చే అసైన్‌మెంట్లకి 25, ఫైనల్ పరీక్షకి 75. పాస్ కావాలంటే అసైన్‌మెంట్లలో కనీసం 10, పరీక్షలో కనీసం 30 రావాలి. రెండూ విడివిడిగా దాటాలి. అసైన్‌మెంట్లు వదిలేసి చివర్లో పరీక్ష బాగా రాసినా ఫలితం ఉండదు. చాలామంది బోల్తా పడేది ఇక్కడే. నాలుగు వారాల కోర్సుకి 1 క్రెడిట్, ఎనిమిది వారాలకి 2, పన్నెండు వారాలకి 3 అన్నది ఎన్‌పీటీఈఎల్ పాటించే లెక్క.

మరి ఇంగ్లిష్ పాఠం అర్థం కాకపోతే? ఎన్‌పీటీఈఎల్ చాలా కోర్సుల పాఠాలని తెలుగు సహా భారతీయ భాషల్లోకి రాతరూపంలో తెస్తోంది. కోర్సు పేజీలో తెలుగు ఉందో లేదో ముందే చూసుకోవాలి.

అమెరికాలో ఇంకోలా

ఇక్కడ ఒక తేడా గమనించాలి. మన దగ్గర ఒక్క కోర్సుకి దేశమంతా వేల మంది చేరతారు. అమెరికాలో కొన్ని వర్సిటీలు దీన్ని చిన్న చిట్టీ గ్రూపులా నడుపుతున్నాయి. కాన్సాస్ స్టేట్ యూనివర్సిటీ లాంటివి కలిసి పెట్టుకున్న గ్రేట్ ప్లెయిన్స్ ఐడియా అనే కూటమి అలాంటిదే. హార్టికల్చర్, పచ్చిక భూముల నిర్వహణ లాంటి సబ్జెక్టుల్లో ఏ ఒక్క వర్సిటీలోనూ అందరు నిపుణులు ఉండరు. అందుకే తలా ఒక కోర్సు చెప్తారు. స్టూడెంట్ ఒక చోటే చేరతాడు, అందరి పాఠాలూ వింటాడు, డిగ్రీ తను చేరిన చోటే తీసుకుంటాడు. కూటమి మొత్తానికి ఒకటే ఫీజు. ఆ డబ్బుని వర్సిటీలు పంచుకుంటాయి.

అందులో ప్రతి వర్సిటీ పాఠం ఇస్తుంది, తీసుకుంటుంది కూడా. మన సిస్టమ్‌లో చిన్న వర్సిటీలు ఎక్కువగా తీసుకునే వైపే ఉండిపోతున్నాయి. పైనుంచి ఐఐటీ పాఠం వస్తుంది, కింద కాలేజీ వింటుంది. ఇది మారకపోతే "షేరింగ్" అనే మాటకి అర్థం సగమే.

మొక్క దగ్గరికి వచ్చేసరికే అసలు కథ

కోడింగ్ పాఠం చెన్నైలో చెప్పినా చేజర్లలో విన్నా ఒకటే. మొక్కల సంగతి అలా కాదు.

సరుగుడు చెట్టునే తీసుకోండి. నెల్లూరు తీరం పొడవునా ఇసుక నేలల్లో తోటలు కనిపిస్తాయి. గుంజలకి, పేపర్ మిల్లులకి కొట్టి పంపే చెట్టు. దాని ఆకులు సన్నగా సూదుల్లా ఉంటాయని అందరూ అనుకుంటారు. నిజానికి అవి ఆకులు కాదు, సన్నటి పచ్చ కొమ్మలు. ఒకటి తీసుకుని కణుపు దగ్గర పుటుక్కున తుంచి చూస్తే, చుట్టూ పళ్లలా చిన్న చిన్న పొలుసులు కనిపిస్తాయి. అవీ అసలు ఆకులు! వేరు తవ్వితే బుడిపెలు. వాటిలో ఫ్రాంకియా అనే బ్యాక్టీరియా గాలిలోని నైట్రోజన్‌ని పట్టి చెట్టుకి ఇస్తుంది. ఇసుకలోనూ సరుగుడు బతికేది అందుకే. ఈ సంగతి వీడియోలో పది నిమిషాలు వినొచ్చు. చేత్తో తుంచి చూడటానికి పది సెకన్లు చాలు, ఇక మర్చిపోరు.

మడ అడవులదీ అంతే. పెన్నా సముద్రంలో కలిసే చోట, కృష్ణపట్నం వైపు ఉప్పుటేర్ల పక్కన మడ చెట్లుంటాయి. బురదలో గాలి ఆడదు. అందుకే అవిసీనియా జాతి మడ చెట్టు వేళ్లని నిటారుగా పైకి పంపుతుంది, పెన్సిళ్లు గుచ్చినట్టు. పీల్చుకున్న ఉప్పుని ఆకుల మీదికి తోసేస్తుంది. ఎండలో ఆకు ముట్టుకుంటే వేలికి ఉప్పు అంటుకుంటుంది. ఢిల్లీలో కూర్చుని ఈ పాఠం చెప్పేవాళ్లకి బొమ్మ చూపించడం తప్ప దారి లేదు. ఇక్కడి స్టూడెంట్‌కి బస్సు చార్జీ చాలు.

యూజీసీకి ఈ సంగతి తెలీక కాదు. స్వయం కోర్సు తీసుకున్న స్టూడెంట్‌కి ఒక కోఆర్డినేటర్‌ని పెట్టాలి, ల్యాబ్, ప్రాక్టికల్స్ అవసరమైతే ఆ ఏర్పాటు చూడాలి అని రూల్‌లో రాసింది. ఆ బాధ్యత పేరెంట్ ఇన్‌స్టిట్యూషన్‌ది, అంటే మీ కాలేజీది. పాఠం బయటి నుంచి వచ్చిందని ల్యాబ్‌కి తాళం వేయడానికి లేదు. ఆన్‌లైన్ కోర్సు ఉంది కదా, ఇక లెక్చరర్ ఎందుకు అనుకునే మేనేజ్‌మెంట్లు ఈ లైన్ ఒకటికి రెండుసార్లు చదవాలి.

విత్తనం ఎప్పుడో ఊళ్లు దాటింది

నిజానికి ఆంధ్రాలో మొక్కల సైన్స్ పంచుకోవడం కొత్త కాదు. వరి రకాల పేర్లు చూడండి. బీపీటీ 5204 అంటే బాపట్ల. ఎంటీయూ 7029 అంటే మార్టేరు. ఎంసీఎం అంటే మచిలీపట్నం, చౌడు నేలల్ని తట్టుకునే రకాలకి ఆ పేరు. ఎన్ఎల్ఆర్ అంటే నెల్లూరే. ఎన్ఎల్ఆర్ 34449ని రైతులు నెల్లూరు మసూరి అంటారు. ఒక్కో పరిశోధనా కేంద్రం తన నేలకి, తన తెగులుకి తగ్గ రకం తీసింది. తర్వాత అది రాష్ట్రమంతా పాకింది. నెల్లూరులో అగ్గి తెగులు పెద్ద బెడద. ఆకు మీద నూలుకండె ఆకారంలో మచ్చలు కనిపిస్తే రైతు గుండె జారుతుంది. దాన్ని తట్టుకునే రకాల మీద ఇక్కడ ఏళ్లుగా పని జరిగింది.

ఈ కేంద్రాలన్నీ ఆచార్య ఎన్జీ రంగా వ్యవసాయ వర్సిటీ కిందివి. 1964లో మొదలైన ఈ వర్సిటీ హెడ్‌క్వార్టర్స్ ఇప్పుడు గుంటూరు దగ్గర లాంలో ఉంది. అగ్రి బీఎస్సీ వాళ్లకి ఐసీఏఆర్ తెచ్చిన ఈ-కోర్సులు ఎప్పటినుంచో ఉన్నాయి. ఐసీఏఆర్ ఆరో డీన్స్ కమిటీ సిలబస్‌లోనూ ఆన్‌లైన్ కోర్సులకి చోటిచ్చారు. పైగా వాళ్లు చివరి ఏడాది పల్లెల్లో ఉండి రైతుల దగ్గర పని నేర్చుకుంటారు. బాటనీ బీఎస్సీ స్టూడెంట్‌కి ఆ అవకాశం లేదు. ఆన్‌లైన్ పాఠం వల్ల ఎక్కువ లాభమూ వీళ్లకే, ప్రాక్టికల్ పోతే ఎక్కువ నష్టమూ వీళ్లకే.

ఇవ్వడానికి నెల్లూరు దగ్గర ఏముంది?

చాలా ఉంది. శ్రీహరికోటనే చూడండి. అటు బంగాళాఖాతం, ఇటు పులికాట్. మధ్యలో దీవి మీద రాకెట్ కేంద్రం చుట్టూ దట్టమైన అడవి. వానలు తక్కువున్నా ఏడాదంతా పచ్చగా ఉండే పొడి సతత హరిత అడవి ఇది. కోరమాండల్ తీరంలో ఇలాంటివి చాలా చోట్ల ముక్కలు ముక్కలుగానే మిగిలాయి. ఆ అడవి మొక్కల గురించి యానాదులకి తరతరాల జ్ఞానం ఉంది. సెక్యూరిటీ వల్ల బయటి స్టూడెంట్స్ ఎప్పుడు పడితే అప్పుడు లోపలికి వెళ్లలేరు. అందుకే అనుమతి తీసుకుని నాలుగు వారాల కోర్సు ఒక్కటి రికార్డ్ చేసినా, దేశంలో ఏ బాటనీ డిపార్ట్‌మెంట్‌కైనా అది దొరకని సరుకే.

ఇంకోటి.. రొయ్యల చెరువుల పక్కన వరి పొలం ఉంటే ఉప్పు ఎలా పాకుతుంది, ఏ మొక్క ముందు చస్తుంది, ఏది తట్టుకుంటుంది? ఈ ప్రశ్న పంజాబ్‌లో ఎవరికీ తట్టదు. ఇక్కడ రైతుకి అది రోజువారీ గొడవ. దీనికి పాఠం రాయాల్సింది ఈ తీరంలో పని చేసే లెక్చరర్లే.

రికార్డింగ్‌కి స్టూడియో కావాలి, నిజమే. సీఈసీ తరఫున పాఠాలు తీసే మీడియా సెంటర్లు హైదరాబాద్‌లో ఓయూ, ఇఫ్లూ క్యాంపస్‌లలో ఉన్నాయి. అయినా మడ చెట్టు పాఠానికి స్టూడియో కంటే ఉప్పుటేరు ఒడ్డే బెటర్ కదా!

చేరే ముందు ఇవి చూసుకోండి

స్వయంలో కనిపించిన ప్రతి కోర్సుకీ క్రెడిట్ రాదు. సెమిస్టర్ మొదలయ్యేటప్పుడు ఏ కోర్సుల్ని అంగీకరిస్తామో వర్సిటీ నిర్ణయిస్తుంది. ఆ లిస్టులో లేనిది చేస్తే సర్టిఫికెట్ వస్తుంది, మెమోలో మాత్రం ఎక్కకపోవచ్చు. పన్నెండు వారాల కష్టం గోడకి ఫ్రేమ్ కట్టించుకోవడానికే మిగులుతుంది. కాబట్టి ఎన్‌రోల్ కొట్టే ముందే ప్రిన్సిపాల్ ఆఫీస్‌లోనో, ఎగ్జామినేషన్ సెల్‌లోనో అడగాలి. కుదిరితే కాగితం మీద తీసుకోవాలి. అంగీకరించిన కోర్సు పాసయ్యాక క్రెడిట్ ట్రాన్స్‌ఫర్ కాదనే హక్కు ఏ వర్సిటీకీ లేదని యూజీసీ రూల్ స్పష్టంగా చెప్తోంది. కాలేజీలో ఆ సబ్జెక్ట్‌కి తగిన టీచర్ లేకపోవడం, స్టూడెంట్స్ అడిగిన ఎలక్టివ్ నడపలేకపోవడం.. ఈ రెండూ స్వయం కోర్సుని అనుమతించడానికి రూల్‌లో రాసిన కారణాలే. అప్లికేషన్‌లో ఇదే మాట రాస్తే సరిపోతుంది.

ఏపీలో 2023-24లో డిగ్రీలో సింగిల్ మేజర్ పద్ధతి వచ్చింది. బాటనీ మేజర్ తీసుకున్నవాళ్లు అదే సబ్జెక్ట్ లోతుగా చదవాలి. అందుకని ఏ పేపర్‌కి ఆన్‌లైన్ కోర్సు సరిపోతుందో సిలబస్ పక్కన పెట్టుకుని పోల్చి చూడాలి. పేరు ఒకటే ఉండి, లోపల యూనిట్లు వేరే ఉండే కేసులూ ఉంటాయి.

క్రెడిట్లు దాచుకోవడానికి అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ ఉంది. 2021 జులైలో మొదలైంది. డిజీలాకర్‌తో అకౌంట్ తెరవొచ్చు. అందులో పడిన క్రెడిట్లు గరిష్ఠంగా ఏడేళ్లు చెల్లుతాయి. మధ్యలో చదువు ఆపి, పెళ్లయ్యాకో ఉద్యోగం వచ్చాకో మళ్లీ చేరేవాళ్లకి ఇది ఉపయోగం.

స్వయం కోర్సులు ఏడాదికి రెండు విడతలు, జనవరిలో ఒకటి, జులైలో ఒకటి మొదలవుతాయి. కోర్సులో చేరడం ఒక స్టెప్, పరీక్షకి రిజిస్టర్ చేసుకోవడం ఇంకో స్టెప్. రెండో దానికి విడిగా లాస్ట్ డేట్ ఉంటుంది. కోర్సులో చేరాం కదా అని అది వదిలేస్తే, ఆ సెమిస్టర్‌కి క్రెడిట్ లేనట్టే.