సవాళ్లు సరే, ఎదురెదురుగా కూర్చునేదెప్పుడు?

2019లో విజయవాడ సెంట్రల్ అసెంబ్లీ ఫలితం 25 ఓట్ల తేడాతో తేలింది. మల్లాది విష్ణు గెలిచారు, బొండా ఉమామహేశ్వరరావు ఓడారు. 25 ఓట్లంటే సింగ్‌నగర్‌లో ఒక అపార్ట్‌మెంటు ఓట్లు. పోలింగుకు ముందు ఆ ఇద్దరూ టీవీలో ఒకే బల్ల దగ్గర గంటసేపు కూర్చుని ఉంటే ఫలితం మారేదో లేదో చెప్పలేం. 2005లో ఊరిని ముంచిన బుడమేరు వాగును ఎలా కట్టడి చేస్తారో మాత్రం ఇద్దరి నోటా విని ఓటేసేవాళ్లం. 2024 సెప్టెంబరులో అదే బుడమేరు మళ్లీ వచ్చింది. సింగ్‌నగర్ జనం మేడల మీద నిలబడి మంచినీళ్ల కోసం, పాలపాకెట్ల కోసం ఎదురుచూశారు.

టీవీలో చర్చలకు కొదవేం లేదు. పొద్దుగూకితే ప్రతి చానల్‌లోనూ అదే. అధికార ప్రతినిధి ఉంటాడు, విశ్లేషకుడు ఉంటాడు, మనం ఓటేయాల్సిన అభ్యర్థి మాత్రం ఉండడు. 2021 ఫిబ్రవరిలో ఏబీఎన్ ప్రత్యక్ష చర్చలో అమరావతి ఉద్యమ నేత కొలికపూడి శ్రీనివాసరావు బీజేపీ నేత విష్ణువర్ధన్‌రెడ్డిని చెప్పుతో కొట్టారు. మూడేళ్లకు కొలికపూడి తిరువూరు ఎమ్మెల్యే అయ్యారు. ఆ దెబ్బే ఓట్లు తెచ్చిందని నేననను, 2024 గాలి వేరు. కానీ ఆ రోజు చర్చ దేని మీదో మనలో ఎందరికి గుర్తుంది? చెప్పు గుర్తుంది, విషయం పోయింది. తెర మీద అరుపులు ఓటరుకు చేసే అసలు నష్టం ఇదే.

మన నాయకులకు ‘బహిరంగ చర్చకు సిద్ధమా’ అనడం కొత్త కాదు. ఒకరు సవాలు విసురుతారు, రెండోవారు ముహూర్తం చెబుతారు, ఆ పొద్దున్నే పోలీసులు ఇద్దరినీ ఇళ్లలోనే ఆపేస్తారు. లేదంటే గుడికి రా, ప్రమాణం చేద్దాం అంటారు. 2024 మేలో విశ్రాంత న్యాయమూర్తులు మదన్ లోకూర్, ఏపీ షా, పాత్రికేయుడు ఎన్.రామ్ కలిసి మోదీని, రాహుల్‌ని ఒకే వేదికకు పిలిచారు. రాహుల్ సరేనన్నారు, చర్చ మాత్రం జరగలేదు. అదే ఏడాది జూన్ 27న అమెరికాలో అధ్యక్ష ఎన్నికల టీవీ చర్చలో ట్రంప్ ఎదుట బైడెన్ తడబడ్డారు. నెల తిరక్కుండానే, జులై 21న, పోటీ నుంచే తప్పుకున్నారు. అభ్యర్థి సత్తువెంతో జనం కళ్లారా చూశారు కాబట్టే అది జరిగింది.

మనకు అంత పెద్ద వేదిక అక్కర్లేదు. నియోజకవర్గానికో గంట చాలు. కాలువ చివర ఉన్న నాగాయలంక, కృత్తివెన్ను రైతు లేచి, మా శివారు చేలకు నీళ్లు ఏ నెలలో ఇస్తారని అడగాలి. ఇద్దరు అభ్యర్థులూ తేదీ చెప్పాలి. అడ్డుపడేవాడి మైకు ఆపేయాలి. పార్టీల ప్రతినిధులతో చర్చ నడపడానికి ఎన్నికల వేళ దూరదర్శన్‌కు ఎన్నికల సంఘం ఏర్పాటు ఉండనే ఉంది. దాన్ని అభ్యర్థుల దాకా తేవాలి.

ఈసారి ఓటడగడానికి మీ గుమ్మంలోకి వచ్చినవారిని ఒక్క మాట అడగండి: మీ ప్రత్యర్థి పక్కన మా ముందు ఎప్పుడు కూర్చుంటారు?