గుండె వెళ్లేది ఊపిరి దగ్గరికే

2021 ఫిబ్రవరి 2 సాయంత్రం నాగోలులో బయల్దేరిన ఒక మెట్రో రైలు అమీర్‌పేటలో ఆగలేదు. రెండు లైన్లు కలిసే చోటు అది. దిగేవాళ్లు, ఎక్కేవాళ్లు, లైను మారేవాళ్లతో పొద్దస్తమానం కిటకిటలాడే ఆ స్టేషన్‌లో రైలు ఆగకపోవడమన్నది మామూలుగా జరగదు. ఆ రోజు రైల్లో ఉన్నది ఒక పెట్టె, దాన్ని కనిపెట్టుకున్న వైద్య బృందం. పెట్టెలో, చల్లటి ద్రావణంలో, ఒక రైతు గుండె. ఎల్బీనగర్ ఆస్పత్రిలో తీసిన ఆ గుండెను నాగోలు నుంచి జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దాకా 21 కిలోమీటర్లు అరగంట లోపే చేర్చారు. అక్కడి నుంచి అపోలో ఆస్పత్రికి. డాక్టర్ ఆళ్ల గోపాలకృష్ణ గోఖలే బృందం దాన్ని మరో మనిషి ఛాతీలో అమర్చింది. హైదరాబాద్ మెట్రోలో గుండె ప్రయాణించడం అదే మొదలు.

మర్నాడు అందరూ ట్రాఫిక్ గురించి మాట్లాడుకున్నారు. రోడ్డు మీదైతే ఎంతసేపు పట్టేదో లెక్కలు వేశారు. ఆ తొందరకు కారణం ఉంది: తీసిన గుండెను నాలుగు గంటల్లోపు మళ్లీ కొట్టుకునేలా చేయగలిగితే మంచిది. అయితే ఆ గుండె ఎవరి దగ్గరికి వెళ్తోందన్న ప్రశ్నకు నా జవాబు వేరు. అది వెళ్తున్నది ఒక జత ఊపిరితిత్తుల దగ్గరికి. అవి దాన్ని ఒప్పుకుంటేనే ఆ మనిషి బతుకుతాడు.

గుండె అంటే ఒక పంపు అని బడిలో చదువుకున్నాం. నిజానికి రెండు పంపులు, మధ్య ఒక కండర గోడ. ఎడమ పంపు తల నుంచి కాలి గోళ్ల దాకా ఒళ్లంతా చూసుకుంటుంది. కుడి పంపుకు మాత్రం ఉన్నది ఒకటే పని, ఊపిరితిత్తులకు రక్తం పంపడం. అంటే గుండెలో ఒక భాగం పూర్తిగా ఊపిరి కోసమే పుట్టింది. ఎడమ పంపు దాదాపు 120 మిల్లీమీటర్ల పీడనంతో రక్తాన్ని తోస్తే, కుడిది 25తోనే సరిపెడుతుంది. అంతకంటే గట్టిగా తోయకూడదు కూడా. ఊపిరితిత్తుల్లో గాలి గదికీ రక్తానికీ మధ్య ఉండే పొర మందం మిల్లీమీటరులో వెయ్యో వంతు కూడా లేదు. అలాంటి గాలి గదులు 30 నుంచి 50 కోట్లు. ఎర్ర రక్తకణం ఒకటి ఆ పొర పక్కనుంచి వెళ్లడానికి ముప్పావు సెకను పడుతుంది. అందులో మూడో వంతు సమయంలోనే ఆక్సిజన్ నింపేసుకుంటుంది. మిగతా సమయం పరుగు కోసం, మెట్ల కోసం దాచిపెట్టిన నిల్వ.

ఈ రెండు పంపుల మధ్య ఒక కఠినమైన లెక్క నడుస్తుంది. ఊరికే కూర్చున్నప్పుడు నిమిషానికి అయిదు లీటర్లు కుడివైపు నుంచి ఊపిరితిత్తులకు వెళ్తే, అదే అయిదు లీటర్లు ఎడమవైపు నుంచి ఒంట్లోకి వెళ్లాలి. తేడా రాకూడదు. నిమిషానికి 70 సార్లు కొట్టుకునే గుండెలో, కొట్టిన ప్రతిసారీ కుడిది ఒక్క చుక్క ఎక్కువ పంపి ఎడమది అందుకోలేకపోతే, గంట తిరిగేసరికి గ్లాసుడు రక్తం ఊపిరితిత్తుల్లో పోగవుతుంది. అలా కాకుండా కాపాడుతున్నది గుండె కండరానికున్న ఒక గుణం: వచ్చిన రక్తం ఎక్కువై ఎంత సాగితే, అంత బలంగా ముడుచుకుంటుంది. ఇంగ్లండ్ శాస్త్రవేత్త ఎర్నెస్ట్ స్టార్లింగ్ పేరు మీద ఈ సూత్రాన్ని వైద్య విద్యార్థులు మొదటి ఏడాదిలోనే నేర్చుకుంటారు. ఏ మెదడూ ఆజ్ఞాపించకుండానే జరిగిపోయే సర్దుబాటు ఇది. నాకు శరీరంలో దీనికి మించిన అద్భుతం కనపడదు.

అమీర్‌పేటలో ఉదయం తొమ్మిదింటికి చూడండి. వీపున ల్యాప్‌టాప్ బ్యాగు, చేతిలో కోచింగ్ సెంటర్ నోట్సు పట్టుకున్న పిల్లలు లిఫ్టు కోసం ఆగకుండా రెండేసి మెట్లు ఎక్కేస్తుంటారు. తొడ కండరాలు ఆక్సిజన్ అడుగుతాయి. గుండె నిమిషానికి 15 లీటర్ల దాకా పంపుతుంది. రక్తం మూడింతలైతే ఊపిరితిత్తుల్లో పీడనం కూడా మూడింతలు కావాలి కదా? కాదు. తీరిక వేళల్లో మూసుకుని ఉండే సన్నటి రక్తనాళాలు, ముఖ్యంగా ఊపిరితిత్తుల పై భాగంలోవి, అప్పటికప్పుడు తెరుచుకుంటాయి. దారులు ఎక్కువవడంతో ఒత్తిడి పెద్దగా పెరగదు. పైకి చేరాక పిల్లలు రెండు నిమిషాలు రొప్పి, నవ్వుకుంటూ రైలెక్కేస్తారు.

సాయం ఒకవైపు నుంచే అందదు. మనం గాలి పీల్చినప్పుడు ఛాతీ కింద ఉండే విభాజక కండరం కిందికి దిగుతుంది, ఛాతీలో ఒత్తిడి తగ్గుతుంది, కడుపులోని పెద్ద సిరల నుంచి రక్తం గుండెలోకి లాగినట్టు వస్తుంది. ప్రతి శ్వాసా గుండెను నింపుతోందన్నమాట. మణికట్టు మీద వేలు పెట్టి నెమ్మదిగా, లోతుగా పీల్చి వదలండి. పీల్చినప్పుడు నాడి కాస్త వేగం అందుకుంటుంది, వదిలినప్పుడు నెమ్మదిస్తుంది. వయసులో ఉన్నవాళ్లలో ఇది బాగా తెలుస్తుంది. జబ్బు కాదు, ఆరోగ్యం.

అమీర్‌పేటలో కలిసే రెండో లైన్లో పక్క స్టేషన్ పంజాగుట్ట. అక్కడి నిమ్స్ ఎముకల ఆస్పత్రిగా మొదలై, 1989లో చట్టంతో విశ్వవిద్యాలయమైంది. ఇలాంటి ఏ పెద్దాస్పత్రి గుండె ఓపీలోనైనా ఒక ప్రశ్న వినపడుతుంది: ‘‘పడుకుంటే ఆయాసం వస్తోందామ్మా? ఎన్ని దిండ్లు వేసుకుంటున్నావు?’’ గుండె జబ్బుకు దిండ్ల లెక్కెందుకని పక్కనున్న కొడుకు తెల్లబోతాడు. ఎడమ గుండె బలహీనపడితే, లేదా చిన్నప్పటి కీళ్లవాతం జ్వరం వల్ల కవాటం సన్నబడితే, రక్తం ముందుకు కదలక వెనక్కి ఎగదన్నుతుంది. కాలువకు దిగువన లాకులు మూస్తే ఎగువ పొలాలు మునుగుతాయే, అలా. మునిగేవి ఊపిరితిత్తులు. పడుకుంటే కాళ్లలోని రక్తం కూడా వచ్చి చేరి ఆయాసం హెచ్చుతుంది. అందుకే అర్ధరాత్రి లేచి కూర్చుంటారు. మూడు దిండ్లు అన్న జవాబుతోనే డాక్టరుకు సగం కథ తెలిసిపోతుంది.

దీనికి ఎదురు కథ కూడా ఉంది. ఏళ్ల తరబడి బీడీ పొగ, కట్టెల పొయ్యి పొగ, దుమ్ము పీల్చిన ఊపిరితిత్తుల్లో రక్తనాళాలు బిగుసుకుపోతాయి. మిగతా ఒంట్లో ఆక్సిజన్ తగ్గితే రక్తనాళాలు విచ్చుకుంటాయి. ఊపిరితిత్తుల్లోవి ముడుచుకుంటాయి. గాలి లేని గదికి రక్తం పంపడం దండగ కాబట్టి, గాలి ఆడే చోటికి మళ్లించే ఉపాయం అది. ఊపిరితిత్తి మొత్తం పాడైనప్పుడు ఆ ఉపాయమే చేటు తెస్తుంది. అన్ని దారులూ బిగుసుకుని, 25 మిల్లీమీటర్లకు అలవాటుపడ్డ కుడి గుండె అలసిపోతుంది. కాళ్లు వాస్తాయి, కాలేయం ఉబ్బుతుంది. చెడింది గాలి దగ్గర, దెబ్బ పడింది గుండె మీద.

నిమ్స్‌లోనే జీవన్‌దాన్ కార్యాలయం ఉంది. మెదడు మరణించినవారి అవయవాలు ఎవరికి చేరాలో 2013 నుంచి చూస్తున్న పథకం అది. అవయవదానం మాట వచ్చినప్పుడు ఐసీయూ బయట కుటుంబం అడిగేది దాదాపు ఒకటే: ‘‘గుండె కొట్టుకుంటోంది కదా సార్, పోయాడని ఎట్లా అంటారు?’’ ఇంత న్యాయమైన ప్రశ్నకు తొందరపడకుండా జవాబు చెప్పాలి. గుండెకు సొంత మెరుపు ఉంది. దాని గోడలోని ఒక చిన్న కణజాలం తనంతట తానే విద్యుత్తు పుట్టిస్తుంది. మెదడు లేకపోయినా, ఆక్సిజన్ అందితే చాలు, కొట్టుకుంటుంది. ఊపిరికి ఆ స్వేచ్ఛ లేదు. ప్రతి శ్వాసకూ మెదడు కాండం నుంచి ఆజ్ఞ రావాలి. అందుకే పరీక్ష కూడా ఊపిరి మీదే చేస్తారు. ఆక్సిజన్ అందిస్తూనే వెంటిలేటర్ ఆపి, రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరిగేదాకా ఛాతీ వంక చూస్తారు. బతికున్న మెదడైతే ఆ స్థాయిలో ఊపిరి తీయించకుండా ఊరుకోదు. ఛాతీ కదలకపోతే, కనీసం ఆరు గంటల తేడాతో అన్ని పరీక్షలూ మళ్లీ చేసి, నలుగురు డాక్టర్లు సంతకాలు పెడతారు. గుండెను నడుపుతున్నది యంత్రం ఊదిన గాలి.

ఆపరేషన్ బల్ల మీద కథ తిరగబడుతుంది. 1953 మే 6న ఫిలడెల్ఫియాలో జాన్ గిబ్బన్ తొలిసారి విజయవంతంగా వాడిన యంత్రం పేరే హార్ట్ లంగ్ మెషీన్. గుండెను ఆపాలంటే ఊపిరితిత్తుల పని కూడా యంత్రమే చేయాలి. ఒకదాన్ని విడిగా ఆపడం కుదరలేదు. ఆ యంత్రం సాయంతోనే 1994 ఆగస్టు 3న ఢిల్లీ ఎయిమ్స్‌లో, రాజమండ్రిలో పుట్టిన డాక్టర్ పి.వేణుగోపాల్ దేశంలో తొలి విజయవంతమైన గుండె మార్పిడి చేశారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదటిది 2004లో డాక్టర్ గోఖలే చేతుల మీదుగా జరిగింది.

గుండె మార్పిడికి పేరు రాసుకునే ముందే రోగి కుడి గుండెలోంచి సన్నటి గొట్టం పంపి ఊపిరితిత్తుల్లో పీడనం కొలుస్తారు. అది మరీ ఎక్కువై, మందులకూ తగ్గకపోతే కొత్త గుండె ఒక్కటే పెట్టరు. ఆరోగ్యవంతుడి ఛాతీలో పెరిగిన కుడి గుండె అంత బరువు ఎన్నడూ తోసి ఎరగదు, బల్ల మీదే చేతులెత్తేస్తుంది. అలాంటివారికి గుండె, ఊపిరితిత్తులు కలిపే మార్చాల్సి వస్తుంది. 1981లో స్టాన్‌ఫర్డ్‌లో బ్రూస్ రైట్జ్ దాన్ని తొలిసారి విజయవంతంగా చేసి చూపించారు.

కొత్త గుండెకు రక్తనాళాలు కుడతారు గానీ నరాలు కుట్టలేరు. అందుకే ఊపిరి పీల్చినప్పుడు నాడి వేగం అందుకోవడం ఈ మనుషుల్లో దాదాపు కనపడదు. కూర్చున్నా నిమిషానికి 90, 100 సార్లు ఒకే వరసలో కొట్టుకుంటుంది. అయినా అది ఊపిరితిత్తులతో లెక్క తప్పదు. ఎంత రక్తం వస్తే అంత సాగి, అంతా పంపేస్తుంది. స్టార్లింగ్ సూత్రానికి నరం అక్కర్లేదు. నడక మొదలైన కొన్ని నిమిషాలకు ఒంట్లోని అడ్రినలిన్ రక్తంలో చేరుకుని వేగం పెంచుతుంది. అందుకే మెల్లగా నడిచి ఒళ్లు వేడెక్కాకే వేగం పెంచమని, ఒక్కసారిగా ఆగిపోవద్దని ఫిజియోథెరపిస్టులు చెబుతారు. ఏళ్లు గడిచాక కొందరిలో తెగిన నరాలు కొంతమేర మళ్లీ మొలిచి, గుండెను చేరుకుంటాయి.