పాట ఒకరిది - పాట్లు వేరొకరివి
తిరునాళ్ళలో చిరువ్యాపారుల గోడు. కమిటీలకు తప్పని అనుమతుల తిప్పలు

తిరునాళ్ళ అంటే చూసేవాళ్ళకు ప్రభలు, రంగులరాట్నం, మిఠాయి దుకాణాలు. గాజుల గంప నెత్తిన పెట్టుకుని తెల్లవారుజామునే వచ్చే ఆడమనిషికి మాత్రం ముందుగా కనిపించేది ఆశీలు పుస్తకం. పట్టా పరిచి గాజుల మలారం విప్పుతుండగానే పాటదారు మనిషి వచ్చి నిలబడతాడు. ఇంకా బోణీ కాలేదన్నా వినడు. అడిగినంత చేతిలో పెట్టాలి, లేదా గంప ఎత్తుకుని పక్కకు పోవాలి. ఇది ఏ ఒక్క ఊరి సంగతో కాదు.

ఆశీలు వసూలు హక్కును పంచాయతీ వేలం వేస్తుంది. గుడి స్థలమైతే దేవస్థానం వేస్తుంది. ముందుగా దండోరా వేయిస్తారు, పాడదలచినవారు ధరావత్తు కడతారు, హెచ్చుపాట పాడినవారికి హక్కు దక్కుతుంది. పద్ధతి మంచిదే. గుమాస్తాలను పెట్టి వసూలు చేయించే బాధ లేకుండా పంచాయతీకి సొమ్ము ఒక్కసారే చేతికొస్తుంది. చిక్కల్లా పాట దగ్గర పెరిగే పంతాలతోనే. రెండు వర్గాలు పోటీపడి పాడితే, లక్ష పలకవలసిన పాట రెండు లక్షలకు పోతుంది. ఆ పైలక్ష పాటదారు తన జేబులోంచి తీయడు గదా! జీళ్ళ బండి మీద, బెలూన్ల కుర్రవాడి మీద, చెరుకు గడల ఆసామి మీద పడుతుంది.

పాట ఖరారు చేసేటప్పుడే దేనికెంత వసూలు చేయాలో ధరల పట్టీ వుండాలి. గంపకు ఎంత, తోపుడు బండికి ఎంత, డేరా వేసిన దుకాణానికి ఎంత అన్నది అందులో రాసి, ఆ పట్టీని నలుగురూ చూసేచోట కట్టాలి. చాలా తిరునాళ్ళలో ఆ పట్టీ ఎక్కడుందో వెతికినా దొరకదని వ్యాపారులు వాపోతున్నారు. రశీదు అడిగితే చిన్న చీటీ ముక్క యిస్తారు, దాని మీద అంకె వుండదు. రోడ్డు మార్జిను పంచాయతీదనీ, నాలుగడుగులు లోపలికి జరిగితే గుడిదనీ చెప్పి ఒకే గంపకు రెండుచోట్ల వసూలు చేసిన సందర్భాలూ వున్నాయట. హద్దు ఎక్కడో గాజులమ్మే మనిషికి ఎలా తెలుస్తుంది?

ఈమే పట్నంలో బుట్ట పెట్టుకుంటే కథ వేరు. వీధి వ్యాపారుల కోసం పార్లమెంటు 2014లో ప్రత్యేక చట్టం చేసింది. పట్టణంలో వ్యాపారుల కమిటీ వుండాలి, అందులో నూటికి నలభై మంది వీధి వ్యాపారులే వుండాలి, అయిదేళ్ళకొకసారైనా సర్వే జరిపి ధృవపత్రాలివ్వాలి. చోటు ఖాళీ చేయించాలంటే ముప్ఫై రోజుల ముందు నోటీసు యివ్వాలి. సరుకు పట్టుకుపోతే జాబితా రాసివ్వాలి. పళ్ళు, కూరల వంటివైతే జరిమానా కట్టిన రోజే తిరిగి యివ్వాలి. అయితే ఈ చట్టం కార్పొరేషన్లకు, మునిసిపాలిటీలకు, నగర పంచాయతీలకే గాని గ్రామ పంచాయతీలకు వర్తించదు. పట్నం పొలిమేర దాటి పల్లె తిరునాళ్ళకు వచ్చేసరికి ఆమెకు మిగిలే అండ ఆ ధరల పట్టీ ఒక్కటే.

ఇక ఉత్సవం జరిపే పెద్దల బాధలు వారివి. ఊరేగింపుకు, మైకుకు పోలీసుల అనుమతి కావాలి. ఊరేగింపులను అదుపు చేసే అధికారం పోలీసులకు 1861 నాటి పోలీసు చట్టం నుంచీ వుంది. మైకు సంగతి 2000 సంవత్సరపు శబ్ద నియంత్రణ నిబంధనల్లో వుంది. రాతపూర్వకమైన అనుమతి లేనిదే మైకు పెట్టరాదు. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు బహిరంగ ప్రదేశంలో అసలే వాడరాదు. పండుగలకు, ఉత్సవాలకు ఏడాదిలో 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి 12 వరకు సడలించే వీలు రాష్ట్ర ప్రభుత్వానికి వుంది. ఈ లెక్కన తెల్లవార్లూ పద్యాలు పాడే పౌరాణిక నాటకానికి చోటు లేనట్లే. హార్మోనియం మొదలయ్యేదే పది గంటలకు. పన్నెండుకు కట్టేయమంటే రాయబారం సగంలో ఆగిపోతుంది. ఆసుపత్రిలో పురిటి బిడ్డ, పరీక్షలకు చదివే పిల్లవాడు వున్న ఊళ్ళో ఈ నిబంధన అక్కరలేదని మాత్రం ఎవరూ అనలేరు. నాటకాన్ని సాయంత్రం ఆరింటికే మొదలుపెట్టడం ఒక్కటే దారి.

కరెంటు దగ్గర అశ్రద్ధ పనికిరాదు. తాత్కాలిక కనెక్షన్‌కు దరఖాస్తు చేసి డబ్బు కట్టడం పోయి, వెదురు కర్రకు కొక్కెం కట్టి తీగ మీద వేసే అలవాటు పల్లెల్లో యింకా పోలేదు. అది 2003 విద్యుత్ చట్టం ప్రకారం దొంగతనం. అంతకుమించి ప్రాణం మీదికి తెచ్చే పని. పల్నాడు జిల్లా కోటప్పకొండకు శివరాత్రికి కదిలే ఎత్తయిన విద్యుత్ ప్రభలను చూసినవారికి, దారిలో తీగలు ఎంత దడ పుట్టిస్తాయో వేరే చెప్పనక్కరలేదు. ప్రభ కదిలే వేళ, దారి విద్యుత్ శాఖకు ముందుగా రాసివ్వకుండా బండి కట్టరాదు.

బాణసంచా సంగతి మరీ తీవ్రం. కేరళలోని కొల్లం జిల్లా పుట్టింగల్ ఆలయంలో 2016 ఏప్రిల్ 10న బాణసంచా నిల్వ పేలి వందమందికి పైగా చనిపోయారు. అక్కడి పోటీకి జిల్లా అధికారులు అనుమతి నిరాకరించినా ఆపలేదు. మన శ్రీకాకుళం జిల్లా కాశీబుగ్గలో 2025 నవంబరు 1న ఏకాదశికి వచ్చిన జనం తొక్కిసలాటలో పలువురు ప్రాణాలు కోల్పోయారు. అది ప్రైవేటు ఆలయమనీ, తమకు ముందుగా సమాచారం లేదనీ అధికారులు ప్రకటించారు. పోలీసు స్టేషనులో యిచ్చే దరఖాస్తు కాగితం వల్ల ఒరిగేదేమిటని అడిగేవారికి, ఎంతమంది వస్తారో, ఏ దారిన వస్తారో ఆ కాగితంలోనే రాయాలన్నది గుర్తుంటే చాలు. దాన్ని చూసే బందోబస్తు వేస్తారు.

అన్నదానానికీ నిబంధన వుందంటే చాలామంది నమ్మరు. 2006 ఆహార భద్రతా చట్టం కింద 2011లో వచ్చిన నిబంధనలు, మత, సామాజిక సమావేశాల్లో ఆహారం పంచేవారిని కూడా చిన్న ఆహార వ్యాపారుల లెక్కలోనే చేర్చి రిజిస్ట్రేషన్ చేసుకోమన్నాయి. పులిహోర గంగాళం దగ్గర ఆ కాగితం అడిగినవారు అరుదు. కాని నీళ్ళు ఎక్కడివి, వండి ఎన్ని గంటలయింది అన్నది చూసుకోకపోతే మర్నాడు ఆసుపత్రి ముందు బారులు తీరవలసి వస్తుంది.

టెంట్‌హౌస్, మైకుసెట్, జనరేటరు, వంటమేస్త్రి - ఈ బేరాలన్నీ నోటిమాట మీదే నడుస్తాయి. బయానా యిస్తారు, కాగితం రాసుకోరు. తీరా వాన పడితే కిరాయి సగమా, మొత్తమా? జనరేటరుకు డీజిలు ఎవరిది? కుర్చీలు విరిగితే లెక్క ఎవరు కట్టాలి? తక్కువకు వస్తున్నాడని పిలిచిన మైకువాడు చిరిగిన వైరు తెస్తే ఎవరిది తప్పు? తిరునాళ్ళ అయిన మర్నాడు రచ్చబండ మీద జరిగే తగాదాల్లో సగం ఇవే. ఒక తెల్లకాగితం మీద ఈ నాలుగు ముక్కలూ రాసి ఇద్దరూ సంతకాలు చేస్తే, సాక్షి ఒకడుంటే, ఆ తగాదా వుండదు. బయానా యిచ్చే ముందు జనరేటరును ఒకసారి తిప్పించి చూసే పెద్దలు కొన్ని ఊళ్ళలో వున్నారు. వారిని చూసి మిగిలినవారు నవ్వుతారు, కరెంటు పోయిన రాత్రి మాత్రం నవ్వరు.

రాబోయే తిరునాళ్ళ పాటలు పాడించే ముందు గంపకు, బండికి రేటు వేరువేరుగా నిర్ణయించి, ఆ పట్టీని గుడి ముందు, బస్సు ఆగేచోట పెద్ద అక్షరాలతో కట్టించాలని, రశీదు మీద అంకె, తేదీ వుండేలా పాటదారు చేత ఒప్పందంలో రాయించాలని చిరువ్యాపారులు పంచాయతీ, దేవాదాయ అధికారులను కోరుతున్నారు. తక్కువ వసూలు చేయమని వారు అడగడం లేదు. రాసిన దానికి పైన ఒక్క రూపాయి అడగవద్దంటున్నారు, అంతే.

సాయంత్రానికి జనం పలచబడతారు. గాజుల మలారం మళ్ళీ గంపలోకి చేరుతుంది. అంకె లేని ఆ చీటీని కొంగున ముడి వేసుకుని ఆమె ఆఖరి బస్సు కోసం నిలబడుతుంది. రెండు రోజుల్లో పక్క మండలంలో మరో తిరునాళ్ళ వుంది. అక్కడి పాట ఎంతకు పోయిందన్నది బస్సులో అప్పుడే చెప్పుకుంటున్నారు.