పాత మోటారుసైకిలులో నూనె కారుట – ఆయిలుసీలు మార్చు విధము

గత వానకాలమున మా సంఘసభ్యులలో నొకరు వేకువజామున రెండు పాలక్యానులు వెనుక కట్టుకొని పాలకేంద్రమునకు బయలుదేరిరి. త్రోవలోనే బండి యాగిపోయినది. ఎండ యెక్కువరకు రోడ్డుప్రక్కను గూర్చుండవలసి వచ్చెను, పాలు విరిగిపోయినవి. ఇంజను విప్పి చూడగా నందులో నూనె చెంచెడైనను లేదు. పిస్టను సిలిండరును పట్టుకొనిపోయినది. అంతకు మూడు మాసముల పూర్వమునుండియు వారి వాకిట బండి నిలుపుచోట అరచేతియంత నల్లని మరక కనబడుచునే యుండెను. "పాతబండి కదండీ, కారక యేమి చేయును?" అని వారు మాతో ననిరి. మేమును నవ్వి యూరకుంటిమి. ఆ నవ్వునకు ప్రాయశ్చిత్తముగా నీ వ్యాసము వ్రాయుచున్నాము.

మన గ్రామములలో తిరుగు పాతబండ్లలో పెక్కులు నూరు సీ.సీ. నాలుగు స్ట్రోకుల జాతివి. 1985లో హీరో హోండా సీ.డీ.100, 1994లో స్ప్లెండరు వచ్చిన పిదప నీ జాతి పల్లెలనిండ వ్యాపించినది. పూర్వపు రెండు స్ట్రోకుల బండ్లలో పెట్రోలుతో కలిపిన నూనె పిస్టనునకును, వేరు నూనె గేరుపెట్టెకును ఉండెడిది. ఈ జాతిలో నట్లు కాదు. పిస్టనునకును, గేర్లకును, క్లచ్చికిని నొకటే నూనె. అదియు లీటరునకు లోబడినదే. కావున గేరుప్రక్క కారిన ప్రతిబొట్టును పిస్టను వాటాలోనిదే యని యెరుంగవలెను.

ఆయిలుసీలనగా నేమి? తిరుగుచుండు ఇరుసు ఇంజనులోనుండి బయటకు వచ్చుచోట నూనెను లోపలనే నిలుపు వలయము. పూర్వము దీనిని తోలుతో చేయుచుండిరి. చేతిపంపులోని తోలువాషరు నెరిగినవారికి దీని పని వేరుగ చెప్పనక్కరలేదు. ఇప్పటిది రబ్బరుది. పైన ఇనుపకట్టు, లోపల సన్నని పెదవి, ఆ పెదవిని ఇరుసునకు నొక్కిపట్టుటకు దారమువంటి స్ప్రింగు ఉండును. వేడికిని వయస్సునకును రబ్బరు గట్టిపడి పెదవి బిరుసెక్కును. అప్పుడు కారుట మొదలగును.

అయితే సీలు చెడుటకు వయస్సొక్కటియే కారణమని తలంచి మేమే మోసపోయితిమి. మా బండికి పట్టణములో నొక మెకానిక్కుచే రెండుమార్లు క్రొత్తసీలు వేయించితిమి. రెండుమార్లును నెలతిరుగకమునుపే కారెను. సీలు నాసిరకమని అతనిని నిందించితిమి. మూడవమారు మేమే కూర్చుండి విప్పగా, ఇంజను ఊపిరిగొట్టము నోట కందిరీగ మట్టిగూడు కట్టియుండెను! పిస్టను ఆడునప్పుడు లోపలి గాలి వెడలుటకు పెట్టిన దారి యది. అది మూసికొన్నచో లోపలి యొత్తిడి నూనెను సీలుగుండ బయటకు త్రోయును. కొన్ని బండ్లలో నీ గొట్టము క్రిందకు వ్రేలాడును. కొన్నింటిలో గాలిపెట్టెలోనికి పోవును. సీలు కొనుటకు ముందు దానిని ఊడదీసి ఊది చూడుడు. కారుచున్నదని భయపడి గీతను మించి నూనె పోయుటయు నిట్టి కీడునే చేయును.

మరియొక కారణము చైను. చైను క్రిందివరుస మధ్యను వ్రేలితో నెత్తిన 25 మిల్లీమీటరుల మేర ఆడవలెను. మనవారు ఖాళీబండిమీద చైను బిగించి, తరువాత 45 కిలోల యూరియా బస్తాయు, దానిపై మనిషియు నెక్కుదురు. వెనుకచక్రము పైకి లేచుకొలది చైను ఇంకను బిగియును. ముందరి పళ్ళచక్రపు ఇరుసును లాగి బేరింగును అరుగదీయును. ఇరుసు వణకుచుండగా నెంతమంచి సీలైనను నిలువదు.

ఇక పని. ఎడమప్రక్క నంతయు డీజిలుతో కడిగి తుడిచి ఆరనిచ్చి, ముఖమునకు రాచుకొను పౌడరు పలుచగ చల్లి, ఇంజను పదినిమిషములు నడుపవలెను. పౌడరు తడిసినచోటే కారుచోటు. (ముగ్గుపిండి చల్లరాదు, అందు ఇసుక యుండును.) గేరురాడ్డు వచ్చుచోటనో, పళ్ళచక్రము వెనుకనో, మూత అతుకునొద్దనో తెలిసిపోవును. అతుకైనచో మార్చవలసినది గాస్కెటు కాని సీలు కాదు.

పళ్ళచక్రము వెనుకదైనచో, నూనె మార్చుదినముననే యీ పని పెట్టుకొనుట మేలు. పాతనూనె ముందుగా దింపివేయవచ్చును. గేరుపెడలు ఉన్నస్థానము గుర్తుపెట్టి, దాని బోల్టు పూర్తిగా తీసిన పిదపనే లాగవలెను. వెనుక బ్రేకు త్రొక్కించి యుంచి, చైను ఉండగనే పళ్ళచక్రపు బోల్టులు సడలించి, పిమ్మట వెనుక ఇరుసు వదులుచేసి చైను తప్పింపవలెను. ఇప్పుడు ఇరుసును పట్టి పైకిని క్రిందికిని కదపుడు. ఆడినచో బేరింగు పోయినది. ఇంజను విప్పు మెకానిక్కునొద్దకే పోవలెను.

ఆడనిచో పాతసీలును మొద్దుమొన స్క్రూడ్రైవరుతో నెమ్మదిగ పెల్లగింపవలెను. ఇరుసుమీదగాని, సీలు కూర్చుండు గూటిమీదగాని గీతపడరాదు. తీయకమునుపే అది యెంతలోతున నున్నదో కొలిచికొనుడు. ఇరుసుపై గోరు నడిపిన, సీలు ఒరసినచోట గాడి తగులునా? స్వల్పమైనచో క్రొత్తసీలును, చోటున్నంతమేర, ఒక మిల్లీమీటరు ఇటో అటో కూర్చుండబెట్టిన పెదవి క్రొత్తచోట ఆనును. లోతైనచో ఇరుసే మార్పు.

అంగడిలో బండిపేరు చెప్పి తెచ్చుకొనుటకంటె పాతసీలు చేతబట్టుకొని పోవుట మంచిది. లోపలి వ్యాసము, బయటి వ్యాసము, మందము సాధారణముగా దాని ముఖముననే అచ్చొత్తియుండును. క్రొత్తదానిలో స్ప్రింగు కనబడు ముఖము నూనెవైపునకు, అనగా లోపలికి, ఉండవలెను; తలక్రిందుగ వేసినవారిని మేము చూచితిమి. పెదవికి ఇంజనాయిలు పూయుడు. ఇరుసు పళ్ళు పదునైనవి కావున వానిపై విత్తనపు పాలిథీనుసంచి ముక్క చుట్టి, దానిపైనుండి సీలు జార్చవలెను. సీలు బయటియంచునకు సరిపడు గొట్టపుముక్క నానించి, అన్నివైపుల సమముగ దిగునట్లు మెల్లగ తట్టవలెను. ఒకప్రక్క దిగి మరియొకప్రక్క నిలిచినచో తీసి మరల పెట్టుడు. పైనుండి గట్టిపడు ముద్దలు పూసిన ప్రయోజనములేదు. నూనెతడిమీద నవి యంటవు.

నూనె పోసిన పిదప బండిని నడిమిస్టాండుపై నిటారుగ నిలిపి, కొలుపుల్లను మరలు బిగింపక ఊరక ఆనించి చూడవలెను. తరువాత పదిదినములు ప్రతి యుదయము బండిక్రింద నొక అట్టముక్క పరచి యుంచుడు.

మా బండి ఊపిరిగొట్టము తుడిచి సీలు వేసి రెండు వానకాలములు గడచినవి. అట్ట పొడిగనే యున్నది. కందిరీగలు మాత్రము మా వసారాను విడువలేదు; నెలకొకమారు గొట్టము ఊది చూచుచున్నాము.